ఏడు చరణాల సబ్బు

ఆవిడ చనిపోయిన వారంలో ఇంటికి వచ్చినవాళ్లందరూ ఆవిడ ప్రార్థన గురించే మాట్లాడారు. మోకాళ్లు కాయలు కాసిన మనిషి అన్నారు. కోడలు వాళ్లకి కుర్చీలు వేసింది, మంచినీళ్లిచ్చింది, అవునంది. కానీ ఆమెకు గుర్తొచ్చేవి అత్త మోకాళ్లు కాదు, చేతులు. మణికట్టు దాకా తెల్లటి మచ్చలు. కుడి చూపుడువేలు కాస్త వంకర. ఆ చేతులు ప్రార్థనలో ఎంతసేపు ముడుచుకుని ఉండేవో, అంతకు పదింతలు తెడ్డు పట్టుకుని ఉండేవి. ఆవిడ లెక్కలో రెండూ వేరు కాదు.

వీధిలో అందరూ సబ్బులమ్మ అనేవారు.

అంతకుముందు ఆవిడ పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికేది. భర్త ఒక మిల్లు గేటు దగ్గర కాపలా. ఊపిరితిత్తులు పాడై నలభై నిండకుండానే పోయాడు. అప్పటికి కొడుక్కి తొమ్మిదేళ్లు, కూతురికి ఆరు. లాండ్రీలో ఇచ్చే సబ్బుకి ఆవిడ వేళ్ల సందుల్లో చర్మం చిట్లి రక్తం వచ్చేది. ఒకరోజు మేస్త్రీని అడిగింది.

"ఈ సబ్బు దుప్పట్లని ఉతుకుతోందా, మమ్మల్నా?"

"నచ్చకపోతే నువ్వే చేసుకో," అన్నాడు మేస్త్రీ.

ఆయన వెటకారంగా అన్నాడు. ఆవిడ సలహాగా తీసుకుంది.

నూనె మిల్లులో పనిచేసి మానేసిన ఒక ముసలాయన దగ్గర కొలతలు నేర్చుకుంది. వరసగా పదకొండు వాయిలు పాడయ్యాయి. పన్నెండోది గట్టిపడి, చేతిలో రుద్దితే నురగ వచ్చింది. ఎవరైనా ఆ పదకొండు గురించి జాలిపడితే ఆవిడ ఒప్పుకునేది కాదు. "శిష్యులు పన్నెండుగురిలో సిలువ దగ్గర నిలబడ్డది ఒక్కడే. నాకూ ఒక్కటి నిలబడింది, చాలదూ," అనేది.

ఇంట్లో గడియారం లేదు. గొంతు ఉంది. అందుకని పని అంతా పాటతో కొలుచుకుంది. పెద్ద ఇనప గంగాళంలో నూనె గోరువెచ్చగా చేసి, చల్లారిన కాస్టిక్ సోడా నీళ్లు సన్నటి ధారగా పోస్తూ తెడ్డుతో ఒకే వైపుకి తిప్పాలి. ఎంతసేపు? ఏడు చరణాల కీర్తన ఒకటుంది. దాన్ని పల్లవితో సహా రెండుసార్లు పాడినంతసేపు. రెండోసారి ఏడో చరణం అయ్యేసరికి తెడ్డు పైకెత్తితే, జారిన ధార గంగాళంలో కలిసిపోకుండా పైన గీతలా నిలవాలి. నిలిస్తే చెక్క అచ్చుల్లో పోయాలి. మర్నాడు తీగతో కోయాలి. ఆ తర్వాత అటక మీద నలభై రోజులు ఆరనివ్వాలి.

ముప్పై చాలదా అని అడిగినవాళ్లకి ఆవిడ జవాబు ఒక్కటే. "ప్రభువు అరణ్యంలో నలభై రోజులు ఉన్నాడు. సబ్బు అటక మీద ఉండలేదా?"

కోడలు ఆ ఇంటికి వచ్చింది రెండు వీధుల అవతల నుంచి. అక్కడిది వేరే సంఘం. కీర్తనల పుస్తకం అదే, పాటలూ అవే. కానీ అక్కడ డ్రమ్స్ ఉన్నాయి, గిటారు ఉంది, చప్పట్లున్నాయి. అత్త సంఘంలో పాతకాలం హార్మోనియం ఒకటే. ఒక చరణానికీ ఇంకో చరణానికీ మధ్య చేసిన పాపాలు గుర్తు తెచ్చుకునేంత ఖాళీ ఉండేది. పెళ్లయిన కొత్తలో ఒక ఆదివారం అత్త కోడలి పుట్టింటి గుడికి వెళ్లి వచ్చింది. అన్నం తింటూ అడిగింది.

"ఏమ్మా, మీ సంఘం వాళ్లకి పరలోకం బస్సు వెళ్లిపోతోందా? అంత పరుగేంటి?"

"మీ సంఘం వాళ్లకి బస్సు వచ్చి నిలబడ్డా తెలీదత్తయ్యా," అంది కోడలు.

లారీ నడిపే కొడుకు కంచంలోంచి తల ఎత్తలేదు. అత్త కోడలి వంక కాసేపు చూసింది. తర్వాత పొలమారేదాకా నవ్వింది. మర్నాటి నుంచి కోడల్ని షెడ్డులోకి తీసుకుంది.

ఆరేళ్లలో కోడలు అన్నీ నేర్చుకుంది. నూనె మంచిదో కాదో వాసన చూసి చెప్పేది. తీగతో కోస్తే ఒక్క బిళ్ల వంకర పోయేది కాదు. కాగితం చుట్టడం, ముద్ర వేయడం, దుకాణాలకి తిరగడం అన్నీ ఆమెవే. తెడ్డు మాత్రం అత్తది. కోడలు ఒకసారి అడిగింది.

"ఇస్తాలే," అంది అత్త.

ఆ మాట అని మూడేళ్లయింది. తన సంఘం వల్లే ఇవ్వడం లేదని కోడలు లోపల్లోపల అనుకునేది. ఆ తెడ్డు చేతికి వస్తేగానీ ఆ ఇంటి మనిషిని కానని కూడా అనుకునేది. ఈ రెండో మాట భర్తతో కూడా అనలేదు.

అదే సమయానికి పెద్దాసుపత్రి ఆర్డరు వచ్చింది. ఆవిడ ఒకప్పుడు దుప్పట్లు ఉతికిన ఆసుపత్రే. రెండేళ్లపాటు ప్రతి నెలా స్టోరు ఆఫీసరు గది ముందు బల్ల మీద కూర్చుని వచ్చేది. ఆయన మొదటి ఏడాది పలకరించలేదు, రెండో ఏడాది కూర్చోమన్నాడు, చివరికి ఒక బిళ్ల ఇంటికి తీసుకెళ్లి వాడి చూశాడు. నర్సుల చేతులకీ పిల్లల వార్డుకీ ఆరువందల బిళ్లలు కావాలన్నాడు. ఫలానా సోమవారం, పొద్దున్న తొమ్మిదింటికి. సరిగ్గా అందితే రెండు నెలలకోసారి ఇదే ఆర్డరు. ఒకటి తగ్గినా, ఒకరోజు దాటినా వేరేవాళ్లకి పోతుంది.

రెండు వందలు అటక మీద ఉన్నాయి. మిగతా నాలుగు వందలకి పెద్ద వాయి ఒకటి వేయాలి. సరిగ్గా ఆ వారమే పక్క ఊళ్లో ఉన్న కూతురికి నెల ముందే నొప్పులొచ్చాయని కబురొచ్చింది. అత్త సంచి సర్దుకుంది. బస్సుకి బయల్దేరుతూ షెడ్డులోకి వచ్చి, తెడ్డు తీసి కోడలి చేతిలో పెట్టింది.

"రెండుసార్లు. పల్లవితో సహా. చరణం వదలొద్దు."

"వదలనత్తయ్యా."

మర్నాడు బాగా చలి. కోడలు తెల్లవారగానే స్నానం చేసి, ప్రార్థన చేసుకుని, గంగాళం ముందు నిలబడింది. ఏడు చరణాలూ పాడింది. మళ్లీ ఏడూ పాడింది. తెడ్డు ఎత్తితే గీత నిలిచింది. అచ్చుల్లో పోసి, పైన గోనెపట్టాలు కప్పి, ఒక్కతే కాసేపు నవ్వుకుంది.

నలభై రోజులూ అయ్యాయి. సోమవారం ఆసుపత్రికి ఇవ్వాలి. గురువారం పొద్దున్న, కూతురి పురుడు పోసి తిరిగొచ్చిన అత్త, కోడలు, ఆమెకు సాయంగా కాగితాలు చుట్టే పొడుగావిడ ముగ్గురూ సబ్బులు అటక మీంచి దించారు. చుట్టబోయే ముందు వాయికొక బిళ్ల విరిచి మధ్య ముక్కని నాలుకకి ఆనించి చూడటం అత్త అలవాటు. సరిగ్గా కలిసిన సబ్బు నాలుకకి చప్పగా ఉంటుంది. కలవకపోతే కాస్టిక్ మిగిలిపోతుంది.

అత్త నాలుకకి ఆనించి వెంటనే తీసేసింది.

"కరిచింది," అంది.

ఇంకొకటి విరిచింది. మధ్యలో సుద్దలాంటి తెల్లటి చార, దాని పక్కన తడి. మరో నాలుగు విరిచింది. అన్నీ అంతే.

"చరణం వదిలావా?"

"లేదత్తయ్యా. ఏడూ పాడాను. రెండుసార్లు పాడాను."

"పాడు."

"ఏంటి?"

"తెడ్డు పట్టుకుని ఇప్పుడు పాడు."

కోడలు ఖాళీ గంగాళంలో తెడ్డు తిప్పుతూ పాడటం మొదలుపెట్టింది. అత్త కళ్లు మూసుకుని పెదాలు కదిపింది. కాసేపటికి చెయ్యెత్తి ఆపమంది. స్టూలు మీద కూలబడింది.

"నువ్వు మూడో చరణంలో ఉన్నావు. నేనింకా మొదటి పల్లవి దాటలేదు."

పొడుగావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆపుకోలేక గోడ వైపు తిరిగింది.

"మరి గీత నిలిచిందత్తయ్యా. నా కళ్లతో చూశాను."

"ఆ రోజు చలి. నూనె చిక్కబడింది. నువ్వు చూసింది గీత కాదు, చలి."

కోడలు తెడ్డు గోడకి ఆనించింది. అత్త తిడుతుందని ఎదురుచూసింది. తిడితే బాగుండుననుకుంది.

"పాట చెప్పాను, నడక చెప్పలేదు," అంది అత్త. "సగం తప్పు నాది. మిగతా సగం సంగతి సోమవారం తర్వాత మాట్లాడదాం. ముందు సంచులు తియ్యి."

"సంచులెందుకు?"

"సబ్బు అడగడానికి."

"ఎవర్ని?"

"కొన్నవాళ్లని."

ఆవిడ ప్రార్థనలు మామూలుగా పొడుగు. కొడుకు నిలబడి నిద్రపోయేవాడు. ఆ పూట మాత్రం గుమ్మంలో నిలబడి ఒక్క మాటే అంది. "ప్రభువా, వీధులు నువ్వు చూపించు. తలుపులు నేను కొట్టుకుంటాను."

షరతు తేలిక. కాగితం విప్పని బిళ్ల ఒకటిస్తే, నలభై రోజుల తర్వాత రెండు. ముందు అత్త, వెనక కోడలు, మధ్యలో ఏడాది కిందట బడిలో చేరిన మనవరాలు. ఆ గురువారం ఏదో సెలవు. పిల్లని ఇంట్లో వదలడానికి ఎవరూ లేరు.

మొదటి ఇల్లు టీచరమ్మది.

"అమ్మిన సరుకు వెనక్కి అడిగేవాళ్లని మొదటిసారి చూస్తున్నాను," అంది ఆవిడ.

"నేనూ మొదటిసారే అడుగుతున్నాను టీచరమ్మా. వాయి పాడైంది. ఆసుపత్రికి మాటిచ్చాను."

టీచరమ్మ లోపలికి వెళ్లి ఆరు బిళ్లలు తెచ్చింది. సెలూన్ ఆయన అద్దంలోంచే మాట్లాడాడు.

"గడ్డానికి రాసుకునేది కూడా పట్టుకుపోతావా సబ్బులమ్మా?"

"వాడింది వద్దు నాయనా. నీ మొహం ఆసుపత్రికెందుకు?"

గడ్డం గీయించుకుంటున్న మనిషి నవ్వుతో కదిలిపోయాడు. కత్తి పక్కకి తీసి, సెలూన్ ఆయన డజను బిళ్లలున్న డబ్బా ఇచ్చాడు. మేడ మీద గదిలో ఒక్కతే ఉండే పెద్దావిడ చీరల మధ్య వాసన కోసం దాచుకున్న తొమ్మిది బిళ్లలు ఒక్కొక్కటిగా తీసి ఇచ్చింది. ఒక్కోటి తీసినప్పుడల్లా ఆ చీర ఎప్పటిదో చెప్పింది. అత్త తొమ్మిది చీరల కథలూ విని గానీ లేవలేదు. మెట్లు దిగుతూ మనవరాలు బిళ్ల వాసన చూసింది.

"నానమ్మా, ఇది ఆవిడ వాసన వస్తోంది."

"రానీ. నర్సులేం ఏడవరు."

గుమ్మం గుమ్మానికీ కోడలు ఒక అడుగు వెనకే ఆగేది. వాయి ఎలా పాడైందని ప్రతి ఇంట్లోనూ అడిగారు. ఇప్పుడు చెప్తుంది, ఇప్పుడు మా కోడలి వల్ల అంటుంది అని చూసేది. "చలి వల్ల," అనేది అత్త. "మేం సరిగ్గా చూసుకోలేదు," అనేది. మేం అనేది. మూడు రోజులు, పద్నాలుగు వీధులు తిరిగినా ఆ మాట మారలేదు.

శనివారం సాయంత్రానికి ఇంకా ఎనభై తక్కువ. అత్త కాళ్లు వాచాయి. వాటిని వేడినీళ్లలో పెట్టుకుని కూర్చుంది.

"రేపు మా పుట్టింటి వైపు వెళ్దామా అత్తయ్యా? అటొక్కటే ఇంకా అడగలేదు."

"రేపు ఆదివారం. సబ్బు మాట లేదు."

"ఎనభై తక్కువ."

"తెలుసు."

"ఎల్లుండి తొమ్మిదింటికి స్టోరు ఆఫీసరు వచ్చి కూర్చుంటాడు."

"అదీ తెలుసు. ఆదివారం ఆయనది కాదు, మనదీ కాదు." వేడినీళ్లు చల్లారినా ఆవిడ కాళ్లు తీయలేదు. ఆవిడ భయపడుతోందని కోడలికి మొదటిసారి తెలిసింది. భయపడుతూ కూడా ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

ఆదివారం ఆరాధనలో వాక్యం అయ్యాక, సాక్ష్యాలు చెప్పేవాళ్లుంటే చెప్పమన్నారు పాస్టరుగారు. ఆరేళ్లలో ఆ గుడిలో ఒక్కసారి కూడా నోరు విప్పని కోడలు లేచి నిలబడింది.

"నాలుగు వందల సబ్బులు నేనే పాడు చేశాను. పాట తొందరగా పాడేశాను. మా అత్తయ్య మూడు రోజులు ఇంటింటికీ తిరిగింది. ఒక్క గుమ్మంలో కూడా నా పేరు ఎత్తలేదు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకు తెలుసు. ఈ సంగతి దేవుడి ముందు చెప్పాలనిపించింది. అంతే."

పాస్టరుగారు కళ్లజోడు తీశారు.

"ఎంత తొందరగా పాడావమ్మా?"

"మా పుట్టింటి సంఘంలో పాడినట్టు పాస్టరుగారూ."

మగవాళ్ల వైపు ఎవరో దగ్గినట్టు నవ్వారు. తర్వాత గుడంతా నవ్వింది. అత్త మాత్రం ముందు బల్ల వైపే చూస్తూ కూర్చుంది. బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటూ అడిగింది.

"అది సాక్ష్యమా, సబ్బు అడగడమా?"

"సాక్ష్యమేనత్తయ్యా. నేనేమీ అడగలేదు."

"అడగలేదు. నేనూ విన్నాను," అంది అత్త. కొంగుతో మొహం తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

సోమవారం పొద్దున్న ఆరింటికి గేటు చప్పుడైంది. హార్మోనియం వాయించే ఆయన సంచి నిండా తెచ్చాడు. ఆయన వెనక ఇంకో ఇద్దరు. కాసేపటికి కోడలి తల్లి, నెత్తి మీద బేసినుతో వచ్చింది. ఆమె వెనక డ్రమ్స్ వాయించే కుర్రాళ్ల తల్లులు నలుగురు. కబురు రెండు వీధులూ దాటిందన్నమాట.

"మా పాట మీద నింద వేశారట వదినగారూ," అంది కోడలి తల్లి బేసిను దించుతూ.

"నింద కాదు వదినగారూ, వేగం," అంది అత్త.

లెక్క చూస్తే ఎనభై దాటి ఇంకో నలభై ఉన్నాయి. మిగిలినవి ఇంట్లో ఉంచుదామంది కోడలు. అన్నీ బండికి ఎక్కించమంది అత్త.

ఎందుకో ఆసుపత్రిలో తెలిసింది. స్టోరు ఆఫీసరు మెతక మనిషి కాదు. బిళ్లల్ని పాతిక చొప్పున తూకం వేయించాడు. కొన్ని బరువు తగ్గాయి. సబ్బు ఎంత పాతబడితే అంత తడి పోతుంది. ఆయన ఒక బిళ్ల కాగితం విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇవన్నీ ఒక వాయివి కావే."

అత్త కోడలి వైపు చూసింది. కోడలు ముందుకు వచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది. ఏ సంఘంలో ఎలా పాడతారో, మేడ మీద పెద్దావిడ చీరలతో సహా చెప్పింది. ఆఫీసరు చాలాసేపు పెన్ను మూత తిప్పాడు.

"పాట వల్ల సబ్బు పాడైందని నేను ఎక్కడ రాయనమ్మా?"

"రాయకండి సార్," అంది అత్త. "పాతవి ఇంకా గట్టివి, ఎక్కువ రోజులొస్తాయి. అయినా మీకు తూకం ముఖ్యం. తగ్గినదానికి బదులు ఇవిగో, నలభై అదనంగా తెచ్చాను."

ఆయన మళ్లీ తూకం వేయించాడు. సరిపోయింది. సంతకం పెట్టి, తల ఎత్తకుండానే వచ్చేసారి తేదీ చెప్పాడు. "ఈసారి ఎవరు పాడినా నాకు అనవసరం. సబ్బు ముఖ్యం," అన్నాడు.

ఆ ఆసుపత్రికి ఆ తర్వాత పంతొమ్మిదేళ్లు వాళ్ల సబ్బు వెళ్లింది. రేకుల షెడ్డు పోయి ఇటుక గోడలొచ్చాయి. పదకొండు మంది ఆడవాళ్లు పనికి కుదిరారు. వాళ్లలో ఆరుగురు లాండ్రీ మానేసి వచ్చినవాళ్లు. ఆవిడ వాళ్ల చేతులు చూసి పనిలోకి తీసుకునేది. మనవరాలు రసాయనశాస్త్రం చదివి, నానమ్మ నలభై రోజుల లెక్క సరైనదేనని సెలవుల్లో వచ్చి చెప్తే, "పాపం, మీ కాలేజీ వాళ్లు చాలా కష్టపడి కనుక్కున్నారు," అంది ఆవిడ. అవన్నీ తర్వాతి మాటలు. ఆ సోమవారం ఖాళీ బండి వెనక నడుస్తున్న కోడలికి ఆర్డరు నిలిచిందన్న సంతోషం సగమే. మిగతా సగం తప్పు సంగతి అత్త ఇంకా ఎత్తలేదు.

మంగళవారం కోడలు తనంతట తానే పాత చోటుకి వెళ్లి, కాగితాల కట్ట ముందు వేసుకుని కూర్చుంది.

"అక్కడెందుకు కూర్చున్నావు?" అంది అత్త.

"కాగితాలు..."

"పొడుగావిడ చూసుకుంటుంది. లే."

గంగాళంలో నూనె వెచ్చబడుతోంది. అత్త తెడ్డు తీసి కోడలి ముందు పట్టుకుంది.

"నా పాట నీకు రావాలని ఆరేళ్లు ఆగాను. అది రాదు. రానవసరం లేదు కూడా. నీ పాట నువ్వు పాడు. గంగాళం పక్కన చెయ్యి పెట్టి చూస్తూ ఉండు. చల్లబడితే గీతని నమ్మకు. వెచ్చగా ఉండగా ఎన్నిసార్లు పాడితే గీత నిలుస్తుందో, అదే నీ లెక్క."

"మళ్లీ పాడైతే?"

"మళ్లీ వీధులున్నాయి."

కోడలు కాస్టిక్ నీళ్లు ధారగా పోస్తూ పాట ఎత్తుకుంది. అత్త స్టూలు మీద కూర్చుంది. రెండో చరణానికల్లా ఆవిడ గొంతులోంచి సన్నగా కూనిరాగం మొదలైంది. అది ఆవిడ నడక. కోడలి తెడ్డు తడబడింది. మళ్లీ అందుకుంది, మళ్లీ తడబడింది. అత్త పెదాలు బిగపట్టుకుంది. కాలు తాళం వేయబోతే కాలు కూడా వెనక్కి లాక్కుంది. కాసేపు అలా కూర్చుని, ఇక తన వల్ల కాదన్నట్టు లేచింది. పైట సర్దుకుని, బడి నుంచి వచ్చి గుమ్మంలో ఆడుకుంటున్న మనవరాలి చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడికత్తయ్యా?"

"వంతెన అవతల కొత్తగా కళ్లాసుపత్రి పెట్టారట. వాళ్లు చేతులు దేనితో కడుక్కుంటున్నారో చూసొస్తాను."

"వాయి మధ్యలో ఉంది. గీత మీరు చూడరా?"

"నేను చూస్తే నువ్వు చూడవు."

ఇద్దరూ వీధిలోకి దిగారు. కోడలి చెయ్యి ఆగింది, గొంతూ ఆగింది. కిటికీలోంచి మనవరాలి మాట వినపడింది.

"నానమ్మా, అమ్మ పాట ఆపేసింది."

"వెనక్కి చూడకు. నడు."

కోడలు గంగాళం పక్కన అరచెయ్యి పెట్టి చూసింది. వెచ్చగానే ఉంది. మూడో చరణం అందుకుంది.